రెండు చేతుల గాలపుకర్ర

సిరిసిల్లలో పని లేకుండా కూర్చున్న మనిషిని చూస్తే ఊరు ఊరుకోదు. తెల్లారకముందే సాంచెల, అంటే మరమగ్గాల, మోత అందుకునే వాడకట్టులో ఒకడు అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంటే, దారిన పోయే ప్రతివాడికీ వాడికొక పని చెప్పాలనిపిస్తుంది. పెంటయ్య మస్కట్ నుంచి తిరిగివచ్చిన కొత్తలో అదే జరిగింది. ఒకరు సాంచెలు కిరాయికి పట్టమన్నారు, ఒకరు కిరాణం పెట్టమన్నారు, ఇంకొకరు హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకో వాచ్‌మన్‌గా పొమ్మన్నారు. ఆయన అందరికీ తలూపాడు. తలూపడం గల్ఫ్ నేర్పిన విద్య. భాష రాని చోట అంతకంటే తేలికైన జవాబు లేదు.

ఇంట్లో మొదట చుట్టం మర్యాద జరిగింది. కోడిని కోశారు, మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. ఈ చుట్టం ఇక పోడని తేలాక దుప్పటి మడిచి లోపల పెట్టారు. తప్పు ఎవరిదీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి పోయిన ఇల్లు అది. సెలవులున్నన్నాళ్లూ ఇల్లు ఆయన చుట్టూ తిరిగేది, ఆయన విమానమెక్కగానే తన గాడిలో తాను పడేది. ఇప్పుడు ఏ స్విచ్చి ఏ ఫ్యానుదో ఆయనకు తెలియదు. ఒకటి వేయబోయి ఇంకొకటి వేస్తాడు. సత్యవ్వ ఒళ్లోని బీడీల చాట మీంచి తల ఎత్తకుండానే "గది గాదు, పక్కది" అంటుంది.

సత్యవ్వ ఆయన భార్య. ఆ చాట ఒళ్లో పెట్టుకునే బిడ్డను పెంచింది, అత్తను సాగనంపింది, రేకుల ఇంటికి స్లాబు వేయించింది. మనిషి మంచిది, మాటే తక్కువ. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం బిగించే ఆ వేళ్లకున్న వేగం నోటికి లేదు. మొగుడు లేని ఇంట్లో ఎవరితో మాట్లాడాలి గనక? అలవాటు తప్పిపోయింది.

బిడ్డ రజిత ఎల్లంతకుంటలో కాపురముంటుంది. రోజూ ఫోన్ చేస్తుంది. పెంటయ్య ఎత్తితే "బాపూ, మంచిగున్నవా? అమ్మకియ్యి" అంటుంది. మంచిగున్నవా అన్నదానికి జవాబు చెప్పేలోపే అమ్మకియ్యమన్న మాట వచ్చేస్తుంది. ఆయన ఫోన్ సత్యవ్వకు ఇచ్చి అరుగు మీదకు వస్తాడు. లోపల తల్లీ బిడ్డా గంటసేపు మాట్లాడుకుంటారు. మాటే తక్కువ అన్నాను గదా, బిడ్డతో మాత్రం కాదు. ఆ నవ్వులు వింటూ కూర్చున్నప్పుడు పెంటయ్యకు మస్కట్‌లో ఉన్నప్పటికంటే ఎక్కువ ఒంటరితనం తోచేది. అక్కడ ఇల్లు దూరంగా ఉందని సర్దిచెప్పుకునేవాడు, ఇక్కడ ఆ సర్దుబాటుకూ చోటు లేదు.

వచ్చిన దగ్గర నుంచీ అందరూ ఏం తెచ్చినవని అడిగారు, మళ్లీ ఎప్పుడు పోతవని అడిగారు. అక్కడ ఎట్లా బతికినవని ఒక్కరూ అడగలేదు. ఊరు అడగకపోతే పోయింది. సత్యవ్వ అడగాలని ఆయనకుండేది. ఒక్క మాట, ఏదో ఒకటి. అడిగించుకోవడం ఎట్లాగో తెలియలేదు. అడగకుండా తానే మొదలుపెడితే గల్ఫోడు గప్పాలు కొడుతున్నాడంటారు.

నిజానికి చెప్పడానికి ఆయన దగ్గరున్నది గప్పాలు కాదు, ఒక ముసలాయన. పేరు ఫ్రేజర్ సాబు. ఎక్కడో స్కాట్లాండ్ నుంచి వచ్చి, ఆ ఎడారి దేశంలో ఉద్యోగం చేసి, ముసలితనంలో అక్కడే ఉండిపోయాడు. పెంటయ్య మొదట ఇటుకలు మోశాడు, తర్వాత ఆ సాబు ఇంట్లో వంటకూ కారుకూ కుదిరాడు. సాబుకు ఇంటి మీద ఒక గది ఉండేది. అందులో వెదురుతో గాలపుకర్రలు చేసేవాడు. గాలపుకర్ర అంటే చెరువు కట్ట మీద పిల్లలు పట్టుకునే పుల్ల కాదు. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, ఒక్కొక్కదాన్ని మూడు పలకలుగా చిత్రిక పట్టి, ఆరు బద్దలను ఒక్కటిగా అతికిస్తే అయ్యే కర్ర అది. మనిషికి రెండింతల పొడవు. ఒక చేత్తో ఆగదు, రెండు చేతులతో పట్టి విసరాలి. ఎర కట్టరు. ఈకలతో పురుగులాగా ముస్తాబు చేసిన గాలాన్ని, లావుపాటి దారం బరువుతోనే ఏటి నడిమికి పంపిస్తారు. సాబు దేశంలో పెద్ద పెద్ద చేపలను అట్లా పడతారట.

సాబు చేస్తుంటే పెంటయ్య అవతలి కొస పట్టుకునేవాడు. సాబు తన ఏరు గురించి, చచ్చిపోయిన తన భార్య గురించి మాట్లాడేవాడు. సగం అర్థమయ్యేది కాదు, అయినా మనసు నిండేది. ఒకరోజు ఆయన పెంటయ్య వేళ్లు చూసి, నువ్వు నేతగాడివా అని అడిగాడు. తండ్రి మగ్గం మీద, తాను సాంచెల మీద నేసినవాళ్లమని పెంటయ్య చెప్పుకున్నాడు. ఆ ఎడారిలో ఆ సంగతి అడిగినవాడు ఆయన ఒక్కడే. సాబు కన్నుమూసేముందు బద్దలను పెట్టే తన ఉక్కు అచ్చు, చిత్రిక పట్టే చిన్న రంద, చుట్టడానికి పట్టుదారం, కొన్ని రింగులు, విసిరే దారం, ఈకల గాలాలు పెంటయ్య చేతిలో పెట్టాడు. సాబు పోయాక పెంటయ్యకు అక్కడ పని లేదు. శంషాబాద్‌లో కస్టమ్స్‌వాళ్లు ఆ ఉక్కు అచ్చును తిప్పి తిప్పి చూసి ఇదేం ఆయుధమని అడిగారు. చేపల కోసమంటే నవ్వి వదిలేశారు.

నోటితో చెప్పరానిది చేసి చూపిద్దామనుకున్నాడు పెంటయ్య. కర్రను చూస్తే సత్యవ్వ అడగక ఎక్కడికి పోతుంది?

వెదురు కోసం కోరుట్ల పోయాడు. అక్కడ మేదరి కొమురెల్లి గంపలు అల్లుతుంటాడు. ఎండిన లావుపాటి బొంగు కావాలంటే ఆయన కత్తి పక్కన పెట్టి, పచ్చిదైతే గంపకు, ఎండిందైతే నిచ్చెనకు, నీకు దేనికని అడిగాడు. గాలపుకర్రకు అని చెబితే కొమురెల్లి పెదవి విరిచాడు. చేపకు లేని కష్టం బొంగుకు పెడుతున్నావన్నాడు. అయినా ఇంటి వెనకకు తీసుకుపోయి, పొయ్యి పొగ తగిలేచోట అటక మీద దాచిన బొంగులు దించాడు. అవి అమాస రోజుల్లో నరికినవని, పురుగు పట్టదని, బిడ్డ పెళ్లి పందిరికి దాచుకుంటే ఆ పెళ్లి కాస్తా ఫంక్షన్ హాల్లో అయిపోయిందని చెప్పాడు. బస్సులో కండక్టర్ ఎక్కనివ్వకపోతే పెంటయ్య ఒక డీసీఎం వ్యాను వెనక బొంగులను పట్టుకొని నిలబడి సిరిసిల్ల చేరాడు.

కర్రను మూడు ముక్కలుగా చేసి ఇత్తడి గొట్టాలతో కలపాలి. ఆ గొట్టాలకు జగిత్యాలలో లేత్ మిషన్ దగ్గరికి తిరిగాడు. బోరు మోటార్ల సామాన్లు చేసే అతను మొదటిసారి వదులుగా చేశాడు, రెండోసారి బిగుతుగా చేశాడు, మూడోసారి విసుక్కుంటూ సరిగ్గా చేశాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చి లాగితే సీసా మూత తీసినట్టు చప్పుడైంది. పెంటయ్య బస్టాండులో కూర్చొని ఆ చప్పుడు మళ్లీ మళ్లీ చేసి విన్నాడు. పక్కనున్న ఆడమనిషి సంచి దగ్గరికి లాక్కొని జరిగి కూర్చుంది.

వెనక గదిలో పని మొదలైంది. రంద పట్టిన కొద్దీ జడ రిబ్బన్లలాగా వెదురు తొక్కలు రాలేవి. సత్యవ్వ పొద్దున ఊడ్చి, పొయ్యి రాజేయడానికి పనికొస్తాయని సంచిలో వేసేది. అవెందుకు రాలుతున్నాయని అడగలేదు. వాడకట్టువాళ్లు మాత్రం కిటికీలోంచి తొంగి చూసి పోయేవారు. ఎండకు తలకెక్కిందని ఒకరు, మంత్రగాని బెత్తం చేస్తున్నాడని ఒకరు. ఎవరి పిచ్చి వారికానందం, నడవనీ అని మూడోవాడు తీర్పు చెప్పాడు.

అతికించే రోజు వచ్చింది. ఆరు బద్దలకూ జిగురు పూసి, ఒకటిగా చేర్చి, వంకర పోకుండా దారం బిగించాలి. ఇవతల ఒకరు చుడుతుంటే అవతల ఒకరు పట్టుకొని తిప్పాలి. సాబు దగ్గర ఆ అవతలి మనిషి తానే. ఇప్పుడు ఇంకొకరు కావాలి. పెంటయ్య గడప దగ్గర నిలబడి, ఈ కొస జరసేపు పట్టుకుంటవా అని సత్యవ్వను అడిగాడు. ఆమెకు ఆ రోజు బీడీలు అప్పజెప్పాలి. కార్ఖానా బండివాడు వచ్చే వేళైంది.

"గా కిటికి ఊచకు కట్టు," అంది.

చెడ్డగా అనలేదు. ఏళ్ల తరబడి రెండో మనిషి లేనప్పుడు ఆమె అట్లాగే చేసుకుంది. దూలానికి కట్టింది, గుంజకు కట్టింది, కిటికీకి కట్టింది. ఆయన కిటికీ ఊచకే కట్టాడు. కర్ర తిన్నగానే వచ్చింది. అది తిన్నగా వచ్చినందుకు ఆయనకు సంతోషం కలగలేదు. ఆ కిటికీ ముందు నిలబడి ఏడుపు ఆపుకున్నాడు.

మిగిలింది రింగులు. దారం సాగే రింగులను కర్ర పొడవునా ఉంచి, ఒక్కొక్కదాని కాళ్ల మీద పట్టుదారం వరుసగా చుట్టాలి. సాబు ఈ ఒక్క పనీ ఎవరి ముందూ చేసేవాడు కాదు, పడకగదిలో కళ్లద్దాలు పెట్టుకొని ఒంటరిగా చేసుకునేవాడు. పెంటయ్య ఎన్నడూ చూడలేదు. చూడకపోతేనేం, దారం సంగతి పద్మశాలికి ఒకరు చెప్పాలా? చుట్టు పక్కన చుట్టు పడుగు పోగుల్లాగా వచ్చాయి. ఆ వేళ్లు అంతటితో ఊరుకుంటే బాగుండేది. దారం పని అయ్యాక గంజి పెట్టాలన్నది వాటికి తండ్రి నేర్పిన పాఠం. సత్యవ్వ వంచిన గంజిని కాస్త పక్కన పెట్టమన్నాడు, చిక్కగా కాచి, పాత కుంచెతో చుట్లన్నిటికీ పట్టించాడు. నూగు అణిగి, చుట్టు గట్టిపడి నిగనిగలాడింది. పైన వార్నిష్ పూతలు వేసి ఎండలో ఆరేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు గదా, ఆ సామెత ఆయనకు నీళ్ల ఒడ్డున గుర్తొచ్చింది.

పొద్దున కర్రను మూడు ముక్కలుగా గుడ్డలో చుట్టుకొని బయలుదేరేముందు, మానేరుకు పోతున్న, వస్తవా అని సత్యవ్వను అడిగాడు. ఆమె తలెత్తి చూసి, ఎండ ఎక్కకముందు రమ్మని చెప్పింది. సద్ది కట్టి ఇచ్చింది.

మధ్య మానేరు డ్యాము వెనక నీళ్ల దగ్గర లింగన్న అని చేపలు పట్టే మనిషి థర్మాకోల్ తెప్ప మీద వలలు తీస్తున్నాడు. పెద్ద చేప పడితే నీకే ఇస్తానని పెంటయ్య ముందే మాటిచ్చాడు. లింగన్న కర్రను కింది నుంచి పైదాకా చూసి, జెండా ఎప్పుడు ఎగరేస్తవని అడిగి తన పని తాను చూసుకున్నాడు. తెప్ప దూరంగా జరిగిపోయాక ఒడ్డున ఎవరూ లేరు.

పెంటయ్య మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, రెండు చేతులా కర్ర పట్టాడు. పై చెయ్యి తోసింది, కింది చెయ్యి లాగింది. దారం వెనక్కి పోయి, సాగి, ముందుకు విచ్చుకుంటూ నీళ్ల మీద వాలింది. ఎంత దూరం పోయిందో ఆయనకే నమ్మకం కలగలేదు. మళ్లీ విసిరాడు. పొద్దెక్కేదాకా విసిరాడు. చేప సంగతే మరిచిపోయాడు. చేతుల్లో ఆ వెదురు వంగి లేస్తుంటే ఒళ్లంతా హాయిగా ఉంది. ఒక మంచి విసురు పడ్డప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేవాడు. వెనక తుమ్మచెట్లు, సద్దిమూట. చూసేవాళ్లు లేని సంతోషం ఎంతసేపు నిలుస్తుంది? మధ్యాహ్నానికి అది కూడా బరువైంది.

అప్పుడు పట్టింది చేప. వాలుగ. నీళ్లు గిర్రున తిరిగాయి, వెడల్పాటి తల ఒకసారి పైకి కనబడింది. పెంటయ్య కాళ్లు నిలదొక్కుకొని కర్రను పైకి లేపాడు. కర్ర నడుము దాకా వంగింది. వంగుతుండగానే కొస దగ్గరి రింగు జారింది. దాని కింద ఇంకొకటి. తడి దారం రింగుల్లో సాగుతుంటే పొద్దటి నుంచి తడిసిన గంజి వార్నిష్ కింద ఉబ్బి, మెత్తబడి, పట్టుదారాన్ని వదిలేసింది. రింగులన్నీ పూసల్లాగా జారి ఒకదాని మీద ఒకటి చేతి దగ్గరికి వచ్చి పడ్డాయి. దారం చిక్కుకొని తెగింది. చేప తన దారిన తాను పోయింది.

ఆయన వేలికి అంటిన తెల్లటి జిగట వాసన చూశాడు. గంజి. నీళ్లలో నిలబడి నవ్వొచ్చింది. నీళ్లలో వాడే వస్తువుకు గంజి పెట్టిన మొనగాడు ఈ భూమ్మీద తానొక్కడే అయ్యుంటాడు. సాబు ఉంటే కడుపుబ్బ నవ్వేవాడు. ఇంటికి పోయి చెప్పాలంటే మాత్రం, గంజి సంగతి చెప్పాలంటే చుట్టు సంగతి, చుట్టు సంగతికి కర్ర సంగతి, కర్ర సంగతికి సాబు సంగతి ముందు చెప్పాలి. అంత వెనక నుంచి మొదలుపెట్టి వినే ఓపిక ఎవరికుంది? నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చి కర్రను వెనక గదిలో మూలకు పెట్టాడు. చేప పడిందా అని సత్యవ్వ అడిగితే లేదన్నాడు. మరునాడు రజిత ఇంట్లో బోరు వేయిస్తున్నారని ఎల్లంతకుంట పోయాడు. అల్లుడికి తోడుగా నిలబడ్డాడు, నీళ్లు పడ్డాయి, అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. కొన్నాళ్లు ఉండి తిరిగొచ్చాడు.

వచ్చి చూస్తే కర్ర గోడకు ఆనించి ఉంది. రింగులన్నీ ఎక్కడివక్కడ. పాత గంజిని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మిగిలిన పట్టుదారంతో కొత్తగా చుట్టి, డబ్బాలో మిగిలిన వార్నిష్ కోడి ఈకతో పూసి ఉంది. పెంటయ్య దగ్గరగా పెట్టుకొని చూశాడు. ముడి ఎక్కడుందో కనబడదు. కొసను చుట్టు కిందనే దాచి లాగి ఉంది. దారం బీడీ మీద బిగిసినట్టు బిగిసింది. తన చుట్టుకంటే బాగుంది, బహుశా సాబు చుట్టుకంటే కూడా.

"పాడైందని మూలకు పెట్టినవ్ గదా," అంది సత్యవ్వ. "బాగున్నదా?"

"బాగున్నది," అన్నాడు.

ఆమె తృప్తిగా చాట దగ్గరికి పోయింది. పెంటయ్య మంచం మీద కూలబడ్డాడు. కోపం రావడానికి కారణం లేదు, ఆమె ప్రేమతోనే చేసింది. కానీ ఈ ఇంట్లో ఏ పనికీ ఆయన అక్కర పడలేదు, చివరికి ఆయన వస్తువును కూడా ఆయన ఊళ్లో లేనప్పుడు ఆమె ఒక్కతే బాగుచేసి పెట్టింది. స్లాబు వేయించినట్టే, అత్తను సాగనంపినట్టే. ఎవరు పట్టుకున్నారో అవతలి కొస? కిటికీకే కట్టి ఉంటుంది. ఆయనకు కర్ర బాగుపడటం కాదు కావలసింది. ఒక్కసారి ఇద్దరూ దానికి చెరో పక్క కూర్చోవడం కావాలి. ఆ సంగతి తనకే ఇప్పుడు తెలిసింది.

గోడకున్న గూట్లో గడ్డం గీసుకునే బ్లేడు ఉంది. పెంటయ్య దాన్ని తీసుకొని, నడిమి రింగు మీది చుట్టును పక్క నుంచి కోశాడు. అంత మంచి చుట్టును కోయడం పాపమనిపించింది. దారాన్ని విప్పి వేలాడదీసి, కర్రను సత్యవ్వ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఒకటి ఊడింది. నువ్వు చుట్టు, నేను పట్టుకుంట."

సత్యవ్వ వేలాడే కొసను వేళ్ల మధ్య పట్టి చూసింది. బ్లేడుతో కోసిన దారానికీ సడలి ఊడిన దారానికీ తేడా తెలియనిదైతే సిరిసిల్లలో బీడీలు చుట్టి బతకలేదు. ఆమె చుట్టిన కట్ట ఇప్పటిదాకా కార్ఖానా నుంచి వదులైందని తిరిగి రాలేదు. తలెత్తి ఆయన మొహం చూసింది. ఆయన చూపు తిప్పుకోబోయి తిప్పుకోలేదు. పట్టుబడిన దొంగలాగా ఉన్నాడు, ఉంటే ఉన్నాడు.

ఆమె వేళ్లకంటిన తంబాకు దులుపుకుంది. ఒళ్లోని చాట తీసి పక్కన పెట్టింది. బీడీలు సగంలో ఉన్నాయి, బండివాడు వచ్చే వేళ కూడా అదే.

"తిప్పు," అంది.

పెంటయ్య ఆమెకు ఎదురుగా కింద కూర్చొని, కర్రను రెండు మోకాళ్ల మీద పెట్టుకొని మెల్లగా తిప్పసాగాడు. ఆమె దారం పట్టింది. ఆయన తిప్పిన కొద్దీ చుట్టు పక్కన చుట్టు చేరింది. ఆయన తొందరపడితే ఆమె దారం కాస్త బిగించేది, ఆయన నెమ్మదించేవాడు. వీధిలో సాంచెలు మోగుతున్నాయి. రింగు ఒక కాలి మీద చుట్టు నిండి, రెండో కాలు మొదలైంది.

"గక్కడ నీకు బువ్వ ఎవలు వండిన్రు?" అంది సత్యవ్వ, దారం మీంచి కళ్లు తీయకుండా.

పెంటయ్య చేతిలో కర్ర ఆగిపోయింది. ఆమె దారం వదలకుండా ఆగింది.

"నేనే," అన్నాడు. "సాబుకు సుత నేనే వండిన."

"నీకు చాయ పెట్టరాదు గద."

"రాకుండె."

"మరెట్ల నేర్చినవ్?"

ఎప్పుడూ ఎవరూ అడగని మాట అది. చెప్పడానికి చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కర్రను మళ్లీ తిప్పుతూ, మొదటిరోజు సాబు ఇంట్లో మాడగొట్టిన పప్పు దగ్గర మొదలుపెట్టాడు.